దయ్యం పాత్రలో మా యాడి

మా ఆయనకు ఒక జబ్బుంది. సూర్యాపేటలో ఏ దవాఖానలోనూ దానికి మందు దొరకలేదు. "తప్పు నాది" అనే రెండు మాటలు ఆయన గొంతు దాటి బయటికి రావు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది ఆయనే అయినా తప్పు ఉప్పుది. కోదాడ పోవాల్సినవాళ్ళం ఖమ్మం రోడ్డెక్కితే తప్పు బోర్డుది. ఒకసారి హుజూర్‌నగర్‌లో పెళ్ళి వీడియో తీయడానికి వెళ్ళి, పక్క ఫంక్షన్ హాల్లో దూరి, ఎవరిదో పెళ్ళి తలంబ్రాల దాకా తీసేశాడు. అసలు పెళ్ళివాళ్ళు ఫోన్ చేసి అరిస్తే, హాలు మార్చినప్పుడు ముందే చెప్పాలి కదా అని వాళ్ళనే దబాయించాడు. వాళ్ళేమీ మార్చలేదు. అయినా చివరికి వాళ్ళే, ఏమనుకోకు అన్నా, అన్నారు. అంత నేర్పరి.

ఆయన పేరు జగన్. కొత్త బస్టాండు వెనక ఫొటో స్టూడియో, దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. నేను నీరజ. మిర్యాలగూడలో డిగ్రీ చదివాను, వృక్షశాస్త్రం. ఆ చదువంతా ఇప్పుడు కుండీలోని కరివేపాకు చెట్టు మీద ఖర్చవుతున్నది. ఇద్దరం లంబాడీలమే. ఆయనది మోతె దగ్గరి తండా, నాది దామరచర్ల అవతలి తండా. మా ఇంట్లో తగువు లంబాడీలో, రాజీ తెలుగులో. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి జ్యోతికి రెండూ వచ్చు, తగువే ఇంకా బాగా వచ్చు.

నలభై ఏడో ఏట ఆయనకు సినిమా తీయాలనిపించింది. వేరేవాళ్ళకు ఆ వయసులో షుగర్ వస్తుంది. దయ్యం సినిమా అయితే పెద్ద హీరో అక్కర్లేదు, పాటలక్కర్లేదు, లైట్లు కూడా అక్కర్లేదు, చీకటే ఎక్కువ కావాలి అని నాకు విడమరిచి చెప్పాడు. పేరు 'ఏడో మైలురాయి'. ఐదుగురు కాలేజీ పిల్లలు ఏడో మైలురాయి దగ్గరి పాడుబడ్డ ఇంటికి పోతారు. ఒక్కొక్కరే మాయమవుతుంటారు. మాయం చేస్తున్నది వాళ్ళలోనే ఒకడని చివర్లో తేలుతుంది. అంతా అయిపోయిందనుకునేసరికి నిజమైన దయ్యం వస్తుంది.

ఆ ఐదుగురూ జ్యోతి దోస్తులే. వాళ్ళకిచ్చింది మా ఇంటి పులిహోర. పొగ కోసం మునిసిపాలిటీ దోమల మందు మిషన్ అతనికి చాయ్ తాగించి తీసుకొచ్చాడు. నెత్తురు బీట్‌రూట్ రసం. దొంగ దయ్యం జుట్టు నా సవరం, ఇప్పటికీ తిరిగి రాలేదు. హీరోయిన్‌గా వేసిన సౌమ్యకు ఆ దోమల పొగతో మూడు రోజులు దగ్గు పట్టుకుంది. పిల్లకు మిరియాల కషాయం ఇవ్వాల్సింది పోయి, దగ్గుతుండగా కెమెరా పెట్టి తీశాడు. ఎంత సహజంగా వచ్చిందో అని సంబరపడ్డాడు కూడా. చేతికి దొరికిన దేన్నీ ఈ మనిషి వదలడని నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

ఆ ఎండాకాలంలోనే మా అమ్మ జమ్లీ కంటి పరీక్షకని సూర్యాపేట వచ్చింది. మేము అమ్మను యాడి అంటాం. యాడి ఇప్పటికీ పాత వేషం వదల్లేదు. అద్దాలు కుట్టిన రవిక, మోచేతి పైదాకా తెల్లగాజులు, చెవుల పక్కన వేలాడే వెండి. ఆమెను స్టూడియోలో కుర్చీ మీద కూర్చోబెట్టి మా ఆయన తియ్యగా అడిగాడు. "అత్తా, జ్యోతి పెండ్లి ఎన్నడైతదో ఏమో. ఇప్పుడే నీ ఢావలో రికార్డు జేసి పెడత. పెండ్లినాడు పెద్ద తెర మీద ఏస్త."

ఢావలో అంటే మాలో పెళ్ళిపిల్లను అత్తింటికి పంపేటప్పటి ఏడుపు పాట. ఆడవాళ్ళంతా ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. పెద్దామె మొదలుపెడుతుంది. ఆ రాగం చెవిన పడ్డ ఏ ఆడదీ ఊరుకోకూడదు, తన గొంతూ కలపాలి. తెలియనివాళ్ళు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. తెలిసినవాళ్ళు వింటే కళ్ళు తడుస్తాయి.

యాడి తటపటాయించింది. సంబంధమైనా కుదరకముందు ఢావలో పాడటం మంచిది కాదంటారు. కానీ అడిగింది అల్లుడు. కళ్ళు మూసుకుని పాడింది. నేను వెనక గదిలో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఏడ్చిన ఏడుపంతా ఉల్లిగడ్డల ఖాతాలో వేశాను.

సినిమా మొదట కోదాడలో విడుదలైంది. నేను కొత్త చీర కట్టుకుని వెళ్ళాను, దర్శకుడి భార్యను కదా. జ్యోతికి పరీక్షలు, రాలేదు. సినిమా బాగానే నడిచింది, అంటే వెనక వరసల్లో పిల్లలు బాగానే అరిచారు. చివరికి దయ్యం వచ్చింది. పొగలోంచి ఒక మొహం. మూసిన కళ్ళ మీద కంప్యూటర్లో ఏదో తెల్లరంగు పూశాడు. గాజుల చేతులు పైకి లేచాయి. గొంతు మొదలైంది.

అది మా యాడి.

హాలంతా కేకలు. నాకు మాత్రం మా యాడి మాటలు ఒక్కొక్కటీ వినిపిస్తున్నాయి. జ్యోతి పేరు వినిపించింది. తెర మీద కింద తెల్లటి అక్షరాలతో తెలుగు వస్తున్నది. పైన ఆమె ఒకటి పాడుతుంటే కింద ఇంకొకటి. ఆ కింది మాటలు ఇప్పుడు రాయను. చదివించాల్సిన చోట చదివించాను, వస్తుంది.

ఆట అయ్యాక మేనేజరు జవహర్ గారు పరుగెత్తుకొచ్చి మా ఆయన చేయి ఊపేశారు. "ఆ ముసలావిడను ఎక్కడ పట్టుకొచ్చారు సార్? జనం హడలి చస్తున్నారనుకోండి" అన్నారు. మా అమ్మండీ, అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, మేడమ్‌కి కామెడీ కూడా వచ్చే, అన్నారు.

తిరుగు బస్సులో తగువు పెట్టుకున్నాను. బస్సులో లంబాడీలో తిట్టడంలో ఒక సుఖం ఉంది, చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాదు.

"గది సినిమా నీరజా. చూసెటోళ్ళకు తెల్వదా అబద్ధమని" అన్నాడు.

"నిజంగ జరిగిన కథ అని పోస్టర్ మీద రాసింది ఎవరు?"

"పోస్టర్ మీద గట్లనే రాస్తరు."

"మరి యాడి పాడిందేంది, నువ్వు కింద రాసిందేంది?"

"దయ్యం సినిమాకొచ్చినోడు పాట వింటడా? కింద ఉన్నది సదువుతడు, భయపడ్తడు, ఇంటికి పోతడు. మనోళ్ళు దయ్యం సినిమాకు వస్తరా ఏంది?"

వెనక సీట్లోంచి ఒక చెయ్యి నా భుజం తట్టింది. పత్తి చేలకు కూలికి పోయొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు. మా మాటలోనే, "ఇంక గట్టిగ అను అక్కా, మాకు ఇంజను సప్పుడుకు సగం వినబడ్తలేదు" అంది ఒకామె. మా ఆయన కిటికీ వైపు తిరిగి సూర్యాపేట దాకా చెరుకు తోటలు చూశాడు. ఆ దారిలో చెరుకు తోటలు లేవు.

ఆ ఇద్దర్నీ చూసైనా బుద్ధి రావాల్సింది. రాలేదు. పై వారం ఏదో యూట్యూబ్ ఛానల్లో కూర్చుని, ఆ ముసలమ్మ దామరచర్ల దగ్గరి ఒక తండాలో నిజంగానే ఉందనీ, ఆ ఐదుగురు పిల్లలు ఏమయ్యారో ఇప్పటికీ ఎవరికీ తెలియదనీ చెప్పాడు. ఆయన అది చెబుతున్న వీడియోను ఆ ఐదుగురూ మా ఇంట్లోనే కూర్చుని, పులిహోర తింటూ చూశారు. జ్యోతి పళ్ళెం పక్కన పెట్టి లేచిపోయింది. తన పెళ్ళికని దాచిన పాట అది అని ఆ పిల్లకు తెలుసు. ఆనాటి నుంచి తండ్రితో ఏ భాషలోనూ మాట్లాడటం మానేసింది.

శ్రావణం వచ్చింది. శ్రావణంలో మా తండాల్లో తీజ్ చేస్తారు. పెళ్ళికాని ఆడపిల్లలు గోధుమలు నానబెట్టి, బుట్టల్లో పుట్టమన్ను నింపి చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మా తండాలో ఆ గోధుమలు నానేసేదీ, పాట ఎత్తేదీ మా యాడి. ముప్పై ఏళ్ళుగా అంతే. నాన్న పోయిన ఏడు కూడా ఆడపిల్లలు వచ్చి తీసుకుపోయారు. పొలం కౌలుకిచ్చేశాక, మేమంతా తలో ఊరు పట్టాక, ఆమెకు మిగిలిన పెద్దరికం అదొక్కటే.

యాడి ఫోన్ చేసింది. ఫిర్యాదు చేయలేదు. పండుగకు పది రోజుల ముందే పాట నేర్చుకోవడానికి ఆడపిల్లలు వస్తారు కదా, ఈసారి ఒక్కరూ రాలేదని చెప్పింది. తర్వాత అడిగింది. "ఆ వీడియోల నా గొంతు మంచిగ రాలేదా బిడ్డా? అల్లుడు ఎవరికన్న చెప్పిండా, నా గొంతు పోయిందని?"

నేను మర్నాడే బస్సెక్కాను.

మిర్యాలగూడలో బస్సు మారి, దామరచర్లలో ఆటో పట్టుకుని, కరెంటు ప్లాంటు పొగ గొట్టాల పక్కనుంచి తండా చేరేసరికి పదకొండైంది. ఇంటి ముందు మూడు బైకులు. ఎవరో కాలేజీ పిల్లలు గోడకు ఆనుకుని తమ మొహాలూ మా గుమ్మమూ కలిసొచ్చేలా ఫోన్లలో తీసుకుంటున్నారు. ఎండన పడి వచ్చారని యాడి వాళ్ళకు గ్లాసుల్లో చల్ల పోసి పెట్టింది. ఒక్కడూ ముట్టలేదు. చల్ల గ్లాసులను మాత్రం దగ్గరగా వీడియో తీశారు. పింఛను సర్వేకు వచ్చినట్టున్నారు, వివరాలేమీ అడగట్లేదు అంది యాడి నాతో. నేను వాళ్ళతో ఏమన్నానో ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు వేయరు. బైకులు వెళ్ళిపోయాయి.

పక్కింటి బుజ్జికి పన్నెండేళ్ళు. పోయిన ఏడు యాడి ఒళ్ళో కూర్చుని పాట నేర్చుకుంది. ఇప్పుడు నన్ను చూసి చాటుగా వచ్చి చెప్పింది. "మా అమ్మ పోవద్దన్నది. మీ యాడి డాకణ్ అంట గద. ఫోన్ల సూపెట్టిన్రు."

డాకణ్ అంటే పిల్లలను తినే మంత్రగత్తె. ఈ మాట మాలో సరదాకు అనరు. ఆ మాట అనిపించుకున్న ఆడమనిషికి బావి దగ్గర చోటుండదు, పురిటింటి గడప ఉండదు. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అయింది, పేపర్లలో చదివాం. ఫోన్లలో తిరుగుతున్నది అరనిమిషం ముక్క. అందులో యాడి గొంతు లేదు. మొహం, దడదడలాడే సంగీతం, కింద ఆ తెలుగు. అంతే.

ఫకీరా కాకా మా తండా నాయక్, అంటే తండాపెద్ద. ఆయన దగ్గరికి వెళ్ళాను. మంచం వాల్చి కూర్చోబెట్టాడు గానీ కళ్ళు కలపలేదు. తాను నమ్మననీ, కానీ ఆడపిల్లల తల్లులు పంపకపోతే ఏం చేయాలనీ, ఈ ఏడుకు ఇంకొకరితో గోధుమలు నానేయిద్దామనీ అన్నాడు. ఈ ఏడు పోతే పై ఏడు కూడా పోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"కాకా, మీరు చూసింది అరనిమిషం. అండ్ల గొంతే లేదు" అన్నాను. "శుక్రవారం సినిమా మిర్యాలగూడకు వస్తున్నది. మొత్తం చూడున్రి. చెవులతోని విని, అప్పుడు చెప్పున్రి."

ఆయన చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు. ఆదివారం గోధుమలు నానేయాలి, శుక్రవారం చూసి చెబుతాం అన్నాడు.

యాడికి నేను సగమే చెప్పాను. నీ పాట అల్లుడు సినిమాలో పెట్టాడు, చూద్దాం పద అన్నాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. అయినా ఆ మాటలు నా నోటితో ఎందుకనాలి? రాసిన చెయ్యి ఒకటుంది, దానికో నోరు కూడా ఉంది.

ఇంటికొచ్చి మా ఆయనతో, మా తండావాళ్ళు నలభై మంది సినిమా చూస్తామంటున్నారు అన్నాను. ఆయన మొహం తెల్లవారినట్టయింది. చూశావా, కళకు ఎవరైనా దిగిరావాల్సిందే అన్నాడు. ఆట అయ్యాక మైకులో రెండు మాటలు మాట్లాడు, బాగుంటుంది అన్నాను. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చెప్పాల్సిన దాంట్లో కొంచెం చెప్పకుండా వదిలేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

శుక్రవారం మ్యాట్నీ. అయిదు ఆటోల్లో తండా దిగింది. నలుగురైదుగురు మగవాళ్ళు, మిగతా అంతా ఆడవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. చివరి ఆటోలోంచి పండుగ బట్టల్లో యాడి దిగింది. మా ఆయన చేతిలోని చాయ్ కప్పు వంగి ఇస్త్రీ చొక్కా మీద ఒలికింది.

"అత్తను గూడ తెచ్చినవా?"

"దయ్యం లేకుంట దయ్యం సినిమానా?" అన్నాను.

నలభై మందీ యాడికి ముందు రెండు వరసలు, వెనక రెండు వరసలు వదిలేసి కూర్చున్నారు. ఆమె పక్కన నేనూ, నా పక్కన చాయ్ చొక్కాతో ఆయనా. ఆయన లేవబోతే మోచేయి పట్టుకున్నాను. వెనకంతా కాలేజీ పిల్లలు.

దోమల పొగ వచ్చింది, బీట్‌రూట్ రసం వచ్చింది. నా సవరం వచ్చింది, గుర్తుపట్టాను. సౌమ్య దగ్గింది. ముందు వరసలో ఒకామె, పిల్లకు పసుపు వేసి పాలియ్యకూడదా అని గొణిగింది. చివరికి యాడి మొహం తెర నిండా వచ్చింది. తల్లులు పిల్లల కళ్ళు మూశారు. చెవులు మూయలేదు.

గొంతు మొదలైంది. రెండో చరణంలో జ్యోతి పేరు వచ్చింది. ముందు వరసలో ముసలమ్మ ఒకామె తల పైకెత్తింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి గొంతు కలిపింది. ఆ రాగం విన్న ఆడది ఊరుకోకూడదు కదా. పక్కామె కలిపింది, ఆ పక్కామె కలిపింది. బుజ్జి వాళ్ళమ్మ లేచి, వదిలేసిన రెండు వరసలూ దాటొచ్చి, యాడి మెడ పట్టుకుని ఏడ్చింది. చీకట్లో ముప్పై మంది ఆడవాళ్ళు ఒక్కసారి రాగం తీసేసరికి వెనకనుంచి ఇద్దరు పిల్లలు కుర్చీలు తన్నుకుంటూ బయటికి ఉరికారు. మా ఆయన సినిమాకు నిజంగా భయపడింది ఆ ఇద్దరే.

వెనక మిగిలిన పిల్లల్లోంచే ఒకడు పెద్దగా అన్నాడు. "అరే, ఆమె పెండ్లిపిల్లను దీవిస్తున్నది రా. కింద గిదేంది?" మిర్యాలగూడ హాల్లో మూడు కుర్చీలకొకరు మా మాట తెలిసినవాళ్ళుంటారు. మా ఆయన సూర్యాపేటలో కూర్చుని మరిచిపోయింది అదొక్కటే. ఇంకో నలుగురు వాడికి వంత పాడారు. ఆపరేటర్ ఐలయ్య బొమ్మను అక్కడే నిలబెట్టి లైట్లు వేశాడు.

ఫకీరా కాకా లేచాడు. "ఆదివారం గోధుమలు జమ్లీయే నానేస్తది" అన్నాడు. "ఎవరికన్న అడ్డముంటే ఇప్పుడే చెప్పున్రి." బుజ్జి వాళ్ళమ్మ ముక్కు చీదింది.

నాకు అక్కడికి చాలనిపించింది. యాడికి చాలలేదు. ఆమె తెర వైపు చూస్తున్నది. ఆమెకు చదువు రాదు గానీ, అక్షరాలు అక్షరాలని తెలుసు.

"అల్లుడా, నా మొకం కింద ఏమో రాసినవ్. సదువు."

"ఏం లేదత్తా, ఊకె…"

"సదువు."

హాలంతా ఇటు తిరిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను మైకు అందించాను. మాట్లాడతానని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషి కదా.

"బిడ్డా, నిన్ను ఇడిసిపెట్ట" అని చదివాడు.

యాడి నెమ్మదిగా, రాగం లేకుండా అంది. "నేను పాడింది, బిడ్డా, నా కొంగు ఇడిసిపెట్టి పోతున్నవ్ అని. తర్వాత?"

తర్వాతి మాటలు తెర మీద లేవు. ఆయన తల లోపలే ఉన్నాయి. "నీ బావిల నెత్తురు తోడుకుంట."

"నీ అత్తింటి బావి నీళ్ళు నీకు తియ్యగుండాలె అన్న. తర్వాత?"

"నాకు ఆకలైతున్నది."

"నీకు ఆకలైతే గాలికి చెప్పు, రొట్టె కొట్టి పంపుత అన్న. తర్వాత?"

ఆయన మైకు కొంచెం దించాడు. "నీ గడపకాడనే కూసున్న."

యాడి తెర మీది తన మొహం వైపు చూసింది. "గదొక్కటి నేనన్నదే" అంది. "నేను సచ్చినంక గూడ నీ గడపకాడ కూసుంట, నీ ఇంటికి చెడు రానియ్య అన్న. సంబంధం కుదరకముందు పాడొద్దని తెలిసి గూడ పాడిన. నువ్వడిగినవని పాడిన." తర్వాత మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది. "నాకు తెల్వకడుగుత. మన మాట నీకు రాదా అల్లుడా?"

"వస్తదత్తా" అన్నాడు. తర్వాత ఆయనకు అలవాటైన తోవలోనే మొదలుపెట్టాడు. సినిమాల్లో అట్లాగే రాస్తారని, ఎడిటింగులో… అని. ఆ మాట సగంలో ఆగిపోయింది. ఎడిటింగు చేసింది ఆయనే. రాసింది ఆయనే. చుట్టూ చూశాడు. తప్పు మోయడానికి ఉప్పు లేదు, బోర్డు లేదు, ఫంక్షన్ హాలు లేదు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది.

"తప్పు నాది" అన్నాడు.

వెనకనుంచి ఎవరో, వినబడలేదు అన్నారు. యాడి కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టి, మన మాటల చెప్పు, తెలుగుల గాదు అంది.

ఆయన మైకు దించి, తుడిచి, మళ్ళీ ఎత్తి, నలభై మంది తండా ముందూ వెనకనున్న కాలేజీ పిల్లల ముందూ మా మాటలో గట్టిగా చెప్పాడు. తప్పు నాది, యాడి గట్ల అనలేదు, అబద్ధం రాసింది నేనే.